ఆర్‌పీ యాక్సెంట్ గొప్పదా, అది మాట్లాడినవాళ్లు గొప్పవాళ్లా?

బెజవాడ లెక్చరర్

మా డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ ల్యాబ్ సిలబస్ మారుస్తున్నారు. ఉచ్చారణ పేపర్లో ఇన్నాళ్లూ ఆర్‌పీనే నమూనా. ఆర్‌పీ అంటే రిసీవ్డ్ ప్రొనన్సియేషన్. దక్షిణ ఇంగ్లండ్‌లో పెద్ద చదువులు చదివిన కుటుంబాల మాటతీరు, పాత బీబీసీ వార్తల్లో వినిపించేది. అది ఉండాలని కొందరు, తీసెయ్యాలని కొందరు. నేను తీసెయ్యాలనే పక్షం. నా కారణాలు ఇక్కడ పెడుతున్నాను, ఒప్పుకోనివాళ్లు మొహమాటం లేకుండా వాదించండి.

పిల్లలు నన్ను ఎప్పుడూ అడిగేది, "మేడమ్, కరెక్ట్‌గా పలకడం ఎలా?" అని. వాళ్ల దృష్టిలో కరెక్ట్ అంటే ఆర్‌పీ. సరే, ఆర్‌పీకి గుర్తుగా చెప్పుకునే రెండు లక్షణాలు తీసుకుందాం. ఒకటి, కార్, ఫార్మ్ లాంటి మాటల్లో ర్ వినపడకపోవడం: "కా", "ఫామ్". రెండోది బాస్కెట్, ప్లాంట్, ఆఫ్టర్ లాంటి మాటల్లో దీర్ఘం తీసిన ఆ.

జాన్ వాకర్ అని లండన్‌లో ఒకాయన ఉండేవాడు. నాటకాల్లో వేషాలు వేసి, తర్వాత ఉచ్చారణ పాఠాలు చెప్పుకుని బతికాడు. 1791లో ఆయన వేసిన ఉచ్చారణ నిఘంటువు దశాబ్దాల తరబడి మళ్లీ మళ్లీ అచ్చయింది. బాస్కెట్, ప్లాంట్ లాంటి మాటల్లో ఆ దీర్ఘం తీయడం దాదాపు మోటుతనం కిందికే వస్తుందని అందులో రాశాడు. ఇక ర్ సంగతి. 1818లో బ్లాక్‌వుడ్స్ పత్రిక కవి జాన్ కీట్స్‌ను "కాక్నీ" గుంపు కవి అని చీల్చి చెండాడింది. కాక్నీ అంటే లండన్ తూర్పు పేటల వాళ్ల మాట. కీట్స్ లాగా ర్ ఉన్న మాటకీ లేని మాటకీ ప్రాస కలపడం (ర్ పలకనివాళ్లకే ఆ ప్రాస కుదురుతుంది) అప్పట్లో చదువు లేనితనానికి గుర్తు. అంటే ఇవాళ మనం రాచమర్యాదగా పిల్లలకు నేర్పిస్తున్న ఈ రెండు ఉచ్చారణలూ ఒకప్పుడు వెలివేతకు గురైనవే. ధ్వనిలో మార్పేమీ లేదు. పలికే నోళ్లు మారాయి.

మరి ఆ ధ్వనిలో గొప్పతనం ఎక్కడుందని పిల్లలకు చెప్పను?

గుంటూరు మాస్టారు (రిటైర్డ్)

అమ్మా, మీ చరిత్ర నిజమే, దానితో నాకు పేచీ లేదు. మీరు తేల్చిన దానితోనే పేచీ.

నేను హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌లో శిక్షణ పొందినవాణ్ణి. 1958లో పెట్టారు, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు. మా నాన్నగారు మిరప చేను చేసేవారు. మా ఇంట్లో ఇంగ్లిష్ ముక్క విన్నవాళ్లు లేరు. కాన్వెంటులో చదివి వచ్చిన నా తోటివాళ్లకి చెవిలో పడి వచ్చిన ఉచ్చారణ నాకు ఎక్కడ దొరికింది? పుస్తకంలో. నిఘంటువులో ప్రతి మాట పక్కనా బ్రాకెట్లో ఉండే ధ్వని సంకేతాలు చదవడం నేర్చుకున్నాక, ఏ మాట ఎలా పలకాలో ఎవర్నీ అడగాల్సిన అవసరం నాకు రాలేదు. ఆ సంకేతాలు డేనియల్ జోన్స్ 1917లో వేసిన నిఘంటువు దారిలో వచ్చినవి. అవి ఆర్‌పీ సంకేతాలు.

రాసిపెట్టిన నమూనా ఉన్నంతవరకే పేదవాడి బిడ్డ దాన్ని సంపాదించుకోగలడు. "ఎవరి యాస వాళ్లకు ముద్దు" అని నమూనా ఎత్తేస్తే నష్టపోయేది ఇంట్లో ఇంగ్లిష్ ఉన్న పిల్ల కాదు, మా ప్రత్తిపాడు పిల్ల. ఆ పిల్లకి మీరు ఏం ఇస్తారు? అది చెప్పకుండా ఆర్‌పీని తీసెయ్యమంటే నేను ఒప్పుకోను.

ఓరుగల్లు వేణు

మాస్టారూ, మీ మాట బరువైనదే. కాని ఆ నమూనా ఎవరిదో గూడ చూడాలె గదా. జోన్స్ 1917ల దానికి పెట్టిన పేరు ఆర్‌పీ కాదు, "పబ్లిక్ స్కూల్ ప్రొనన్సియేషన్". 1926 ఎడిషన్ల పేరు మార్చిండు. పబ్లిక్ స్కూల్ అంటే మన సర్కారు బడి అనుకునేరు ఎవరన్న. ఈటన్, హారో, వించెస్టర్, రగ్బీ అసొంటి హాస్టల్ బడులు. మస్తు ఫీజులు కట్టి చదివే బడులు.

నాకు తెలిసిన కాడికి ఆర్‌పీ కథల అసలు మలుపు గా బడులే. అంతకుముందు గూడ లండన్ మాటకు విలువ లేకపోలేదు. 1589ల పుట్టెన్‌హామ్ అనేటాయన కవులకు చెప్పిండు, రాజాస్థానం మాట, లండన్ చుట్టు 60 మైళ్ల లోపలి మాట వాడుండ్రి అని. 1760లల్ల థామస్ షెరిడన్ ఊరూరు తిరిగి ఉచ్చారణ మీద ఉపన్యాసాలిచ్చిండు. ఆయన ఐర్లండ్ మనిషి, ఇంగ్లిషోళ్లకు ఇంగ్లిష్ పలుకుడు నేర్పిండు. కాని అప్పటిదాక అది చెప్పుడే, జరిగింది తక్కువ. ఊర్ల పెద్ద దొరలు గూడ ఎవరి జిల్లా మాట వాళ్లు మాట్లాడేది. గ్లాడ్‌స్టన్ నాలుగుసార్లు ప్రధాని అయిండు, ఈటన్ల చదివిండు, అయినా ఆయన మాటల లివర్‌పూల్ వైపు యాస పోలేదంటరు. 1809ల పుట్టినాయనకు ఆ యాస అడ్డం రాలేదు.

తర్వాత రైళ్లు వచ్చినయ్. దేశం నలుమూలల నుంచి పైసలున్నోళ్ల పిల్లలు ఎనిమిది, పదమూడేండ్ల వయసుల ఇల్లు ఇడిచిపెట్టి హాస్టల్ బడులకు పోవుడు మొదలైంది. ఆ వయసుల పిల్లగాడు అమ్మ మాట మాట్లాడడు, పక్క మంచం మీది దోస్తు మాట మాట్లాడతడు. యాసతోని వచ్చినోన్ని వెక్కిరిస్తే నెలలల్లనే మారిపోతడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, పటాలం, చర్చి, మన దేశం మీదికి వచ్చిన ఐసీఎస్ ఆఫీసర్లు, అందరు గా బడులల్లకెల్లి పోయినోళ్లే. అందుకే ఈ మాటకు ఊరు లేదు. యార్క్‌షైర్ల పుట్టినోడు, కెంట్‌ల పుట్టినోడు ఒక్క తీరుగ మాట్లాడతరు. ఊరు తెల్వకుంట తరగతి మాత్రం తెలిసే యాస అది. 1869ల అలెగ్జాండర్ ఎల్లిస్ "రిసీవ్డ్ ప్రొనన్సియేషన్" అని రాసినప్పుడు గూడ అదే అన్నడు: రాజధాని, రాజాస్థానం, చర్చి, కోర్టుల చదువుకున్నోళ్ల మాట అని.

పేదోని బిడ్డ పుస్తకంల నేర్చుకోవచ్చు అంటున్నరు మీరు. ఆ యాస పుట్టిందే పేదోని బిడ్డను గుర్తుపట్టి బయట నిలబెట్టుటందుకు.

గుంటూరు మాస్టారు (రిటైర్డ్)

వేణూ, పుట్టుక వేరు, వాడకం వేరు బాబూ. జోన్స్ స్వయంగా, ప్రపంచమంతటికీ ఒకే ఉచ్చారణని ప్రమాణంగా నిలబెట్టాలన్నది తన అభిప్రాయం కాదని ముందుమాటలోనే రాసుకున్నాడు. తను విన్నది నమోదు చేశాడు. దాన్ని కర్రగా పట్టుకుని కొట్టినవాళ్లు వేరే.

బర్మింగ్‌హామ్ డాక్టర్

నేను ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. పుట్టింది తెనాలి దగ్గర. ఈ చర్చలో ఒక విషయం రావాలి. ఆర్‌పీ మెట్టు మీద కింద నిలబెట్టింది మనల్ని మాత్రమే కాదు, ఈ ఊరివాళ్లని కూడా.

బర్మింగ్‌హామ్ మాటని బ్రమ్మీ అంటారు. ఇక్కడి ముసలమ్మలు నన్ను "బ్యాబ్" అని పిలుస్తారు, మన "నాన్నా", "బుజ్జీ" లాగా. వార్డు నుంచి ఇంటికి వెళ్తూ "టరా ఎ బిట్" అంటారు. వింటుంటే ఎంత ఆప్యాయంగా ఉంటుందో. ఆ మాటతీరునే దేశంలో అందరికంటే అడుగున పెట్టారు. హోవర్డ్ గైల్స్ అనే ఆయన 1970ల్లో చేసిన పరిశోధనలు చదివితే గుండె మండుతుంది. ఒకే మనిషి, ఒకే విషయం. ఒక తరగతి విద్యార్థులతో ఆర్‌పీలో మాట్లాడాడు, ఇంకో తరగతితో బర్మింగ్‌హామ్ యాసలో మాట్లాడాడు. ఆర్‌పీ విన్న పిల్లలు ఆయన్ని ఎక్కువ తెలివైనవాడుగా లెక్కగట్టారు. ఆయన గురించి రాయమంటే ఎక్కువ రాశారు. 2002లో డిక్సన్ బృందం ఇంకోటి చేసింది. పోలీసుల విచారణలో నిందితుడి గొంతు వినిపించి, వీడు నేరం చేసి ఉంటాడా అని అడిగితే, బర్మింగ్‌హామ్ యాసలో విన్నప్పుడు "చేసే ఉంటాడు" అన్న మొగ్గు ఎక్కువ వచ్చింది.

ఇక్కడే పుట్టి పెరిగిన నా జూనియర్ డాక్టర్లు కొందరు ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు గొంతు మార్చుకుంటారు. "బుస్" అనేవాళ్లు "బస్" అంటారు. మళ్లీ క్యాంటీన్‌కి రాగానే అసలు మాట. ఇది చూశాక, ఆర్‌పీ నేర్చుకుంటే మనకి సమానత్వం వస్తుందనే ఆశ నాకు పోయింది. సొంత పిల్లలకే ఇవ్వని సమానత్వం అది.

అయితే గైల్స్ పరిశోధనల్లోనే ఇంకో సంగతి ఉంది, వదలకూడదు. ఉరిశిక్ష మీద ఒకే వాదాన్ని వేర్వేరు యాసల్లో వినిపించాడు. ఆర్‌పీలో విన్నవాళ్లు వాదం నాణ్యంగా ఉందన్నారు. కానీ విని మనసు మార్చుకున్నది మాత్రం ప్రాంతీయ యాసల్లో విన్నవాళ్లు. గౌరవం ఒకరికి, నమ్మకం ఇంకొకరికి.

మాదాపూర్ ట్రైనర్

అందరూ న్యాయం గురించి మాట్లాడుతున్నారు. నేను జీతం గురించి మాట్లాడతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే పిల్లలకు కావలసింది అది.

2000ల మొదట్లో కాల్ సెంటర్లు హైదరాబాదుకి వచ్చినప్పటి నుంచి వాయిస్ ట్రైనింగ్ చేస్తున్నాను. మా బ్యాచ్‌ల్లో ఎక్కువ తంటాలు పడింది తెలుగు మీడియం పిల్లలు కాదు, కాన్వెంట్ పిల్లలు. వాళ్లు "కా", "వాటా" అనేవాళ్లు, అమెరికా కస్టమర్‌కి ఆ ర్ కావాలి. తెలుగు మీడియం పిల్లవాడు స్పెల్లింగ్ చూసి "కార్", "వాటర్" అని నిండుగా ర్ పలుకుతాడు, ఆ ఒక్క విషయంలో వాడు ముందే పాస్. కాబట్టి ఆర్‌పీ ఉంచాలా వద్దా అన్నది నా దృష్టిలో పాత సంగతి. క్లయింట్ ఏ దేశమైతే ఆ యాక్సెంట్. గౌరవం ఎక్కడుంటే అది నేర్పండి. పిల్లలు అద్దె కట్టుకోవాలి.

బెజవాడ లెక్చరర్

ట్రైనర్ గారూ, నా వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకే దొరకలేదు. 1962లో విలియం లబోవ్ న్యూయార్క్‌లో మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లకు వెళ్లాడు: ఖరీదైన శాక్స్, మధ్యరకం మేసీస్, చవక రకం క్లైన్. నాలుగో అంతస్తులో ఏ వస్తువు ఉంటుందో ముందే తెలుసుకుని, అది ఎక్కడుందని అమ్మేవాళ్లని అడిగేవాడు. వాళ్లు "ఫోర్త్ ఫ్లోర్" అనాలి. సరిగా వినపడనట్టు మళ్లీ అడిగి, రెండోసారి కూడా అనిపించేవాడు. ఖరీదైన దుకాణంలో ర్ ఎక్కువగా పలికారు, చవక దుకాణంలో తక్కువగా. లండన్‌లో ర్ పలికితే పల్లెటూరివాడు, న్యూయార్క్‌లో పలక్కపోతే కిందితరగతివాడు. ఒకే అక్షరం, అట్లాంటిక్ దాటగానే విలువ తల్లకిందులైంది.

ఇంకోటి కూడా. మన తెలుగులో గ్లాసు, క్లాసు, పాసు, మాస్టారు అన్నీ దీర్ఘమే. అమెరికావాళ్లూ ఉత్తర ఇంగ్లండ్ వాళ్లూ "గ్ల్యాస్", "క్ల్యాస్" అంటారు. మనకి ఈ మాటలు తెచ్చినవాళ్లలో దక్షిణ ఇంగ్లండ్ ఉచ్చారణ ఉన్నవాళ్లు ఎక్కువై ఉండాలి. ర్ మాత్రం డాక్టర్, మోటార్‌లలో నిలబడింది. రెండు దారుల్లో వచ్చినదాన్ని కలిపి మన నోటికి మనం ఒక ఉచ్చారణ చేసుకున్నాం. దాన్ని తప్పుల కుప్ప అని పిల్లల చేత అనిపిస్తున్నాం, నా బాధ అది.

ఓరుగల్లు వేణు

ట్రైనర్ అన్నా, "గౌరవం ఎక్కడుంటే అది నేర్పాలె" అంటున్నవు. నేను తెలంగాణోన్ని, ఆ మాట ఎక్కడికి తీస్కపోతదో నాకు ఎరుకే. రెండున్నర జిల్లాల మాటకు పత్రికలల్ల, పాఠాలల్ల, సినిమాలల్ల గౌరవం దొరికింది. మా మాట సినిమాలల్ల రౌడీలకు, పనోళ్లకు, నవ్వించెటోళ్లకు దొరికింది. మా అమ్మ టీచరమ్మతోని మాట్లాడాలంటె భయపడి నన్ను ముందల నిలబెట్టేది, తెలుగుల మాట్లాడేటందుకే! మరి గౌరవం ఉన్న మాట నేర్చుకోని ఊకుంటె సరిపోతుండెనా? కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9న భాషా దినం చేసుకుంటున్నమంటె ఊకుండకపోవుడు వల్లనే.

గౌరవం గాలిల పుట్టది. ఒకరు ఇయ్యాలె, ఇంకొకరు ఒప్పుకోవాలె. ఒప్పుకునుడు ఆపితె అది దిగుతది. ఇంగ్లండ్‌ల గూడ దిగింది. 1926ల బీబీసీ ఉచ్చారణ కమిటీ ఏసినప్పుడు కవి రాబర్ట్ బ్రిడ్జెస్, బెర్నార్డ్ షా, జోన్స్ అసొంటోళ్లు కూసోని ఏ మాట ఎట్ల పలకాల్నో అనౌన్సర్లకు చెప్పిన్రు. 1941ల యుద్ధం నడుస్తుంటె యార్క్‌షైర్ మనిషి విల్ఫ్రెడ్ పికిల్స్‌ను వార్తలకు పెట్టిన్రు. ఆయన ఉత్తరాది వాళ్లకు గుడ్ నైట్‌ను తన యాసల "గుడ్ నీట్" అని చెప్తె ఉత్తరాలు కుప్పలు వచ్చినయ్, ఇట్ల చదివితె వార్తలు నమ్మబుద్ధి అయితలేదని గూడ అన్నరట. ఇయ్యాల గదే బీబీసీల వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్ యాసలు రోజు వినబడతయి.

మాదాపూర్ ట్రైనర్

వేణూ తమ్ముడూ, నీ కోపం అర్థమైంది. కానీ పైనున్నవాళ్లు కూడా గొంతు మార్చుకున్నారు కదా. బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ గ్రాంథమ్‌లో కిరాణా కొట్టు ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడే ఎలొక్యూషన్ పాఠాలు, పార్టీ నాయకురాలయ్యాక గొంతు స్థాయి తగ్గించుకోవడానికి మళ్లీ శిక్షణ. ఆమె మారకపోతే ఆ రోజుల్లో ఆ పార్టీలో ఆ కుర్చీ వచ్చేదా? వ్యక్తిగా ఒక పిల్ల చేయగలిగింది తను మారడమే. లోకం మారేదాకా ఆగమని నేను చెప్పలేను.

బర్మింగ్‌హామ్ డాక్టర్

థాచర్ పేరు వచ్చింది కాబట్టి. 1983లో పార్లమెంటులో ప్రతిపక్షం మీద విరుచుకుపడుతూ, ఎన్నికలంటే భయమా అని అడగబోయి "ఫ్రిట్" అనేసింది. అది ఆమె పుట్టిన లింకన్‌షైర్ పల్లె మాట, "జడుసుకున్నాడు" లాంటిది. అన్నేళ్ల శిక్షణ తర్వాత, ఆవేశం వచ్చిన క్షణంలో ఊరి మాటే వచ్చింది. ఆ మాటలో ఉన్న పదును ఆమె మిగతా ప్రసంగాల్లో నాకు ఎక్కడా కనపడలేదు.

రాణిగారి మాట కూడా కదిలింది. జొనథన్ హారింగ్టన్ బృందం ఎలిజబెత్ రాణి క్రిస్మస్ ప్రసంగాలు తీసుకుని, 1950ల నాటి అచ్చులను 1980ల నాటివాటితో పోల్చి 2000లో నేచర్ పత్రికలో వేసింది. ఆమె ఉచ్చారణ దక్షిణ ఇంగ్లండ్ మామూలు జనం వైపు జరిగింది. ఎవరి పేరుతో "క్వీన్స్ ఇంగ్లిష్" అన్నారో ఆమే ఒకచోట నిలబడలేదు.

శ్రీకాకుళం స్టూడెంట్

సార్, మేడమ్, పెద్దలు మాట్లాడుతున్న చోట అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను బీఎస్సీ ఫైనల్ ఇయర్. హైదరాబాదులో కోచింగ్‌లో నేను తెలుగు మాట్లాడితే నవ్వుతారు, ఇంగ్లిష్ మాట్లాడితే ఇంకా నవ్వుతారు. అందుకని క్లాసులో అసలు నోరు తెరవడం మానేశాను. యూట్యూబ్‌లో బ్రిటిష్ యాక్సెంట్ వీడియోలు చూసి రాత్రిళ్లు ప్రాక్టీస్ చేస్తున్నాను. ఇది ఉపయోగమేనా? ఐఈఎల్‌టీఎస్ కూడా రాయాలి.

గుంటూరు మాస్టారు (రిటైర్డ్)

నాయనా, మొట్టమొదట నోరు తెరువు. నవ్వేవాళ్ల ముందే తెరువు. మూగగా కూర్చున్నవాడికి ఏ యాక్సెంటూ రాదు. మీ ఊరి తెలుగు ఎంత చక్కనిదో నాకు తెలుసు, దాన్ని ఎవరికోసమూ దాచుకోకు.

ఇక ఇంగ్లిష్. నీ రాత్రులు "బ్రిటిష్‌గా" వినిపించడానికి ఖర్చు పెట్టకు, అర్థమయ్యేలా పలకడానికి పెట్టు. నీ పరీక్షలో కూడా యాస ఉందని మార్కులు తీసెయ్యరు, అర్థం కావడానికి అడ్డం వస్తేనే తీస్తారు. నీకు పుట్టుకతో వచ్చిన బలం ఒకటుంది: హ్రస్వం, దీర్ఘం. "పలక", "పాలక" తేడా తెలిసినవాడికి "షిప్", "షీప్" తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. చాలా భాషలవాళ్లు అక్కడే తడబడతారు. నువ్వు దృష్టి పెట్టాల్సింది మాటలో ఏ భాగం మీద బరువు వెయ్యాలన్న దానిమీద. మనం అన్ని అక్షరాలూ సమానంగా పలుకుతాం. ఇంగ్లిష్ అలా కాదు. "ఫొటోగ్రాఫ్"లో బరువు మొదట, "ఫొటాగ్రఫీ"లో రెండోచోట. "డెవలప్"లో కూడా రెండోచోటే, మనం మొదట వేస్తాం. నిఘంటువులో ఆ బరువు ఎక్కడో చిన్న నిలువుగీతతో చూపిస్తారు, ప్రతి కొత్త మాటకీ ఆ గీత చూడు. తర్వాత "ఎగ్"ని "యెగ్" అనకు, "ఓన్లీ"ని "వోన్లీ" అనకు. మాట మొదట్లో "ప"ని కొంచెం గాలి వదిలి పలుకు, లేకపోతే వాళ్లకి "పిన్" "బిన్"లా వినిపిస్తుంది. "థింక్"లో మన థ వాడు, నాలుక పళ్ల మధ్య పెట్టాలని అవస్థపడకు.

బర్మింగ్‌హామ్ డాక్టర్

తమ్ముడూ, మాస్టారు గారు చెప్పిన ఆ బరువు సంగతి నా ఉద్యోగంలో ప్రాణం మీదికి వచ్చే విషయం. "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ". నైట్ డ్యూటీలో ఫోన్‌లో మందు మోతాదు చెప్తే 15 మిల్లీగ్రాములో 50 మిల్లీగ్రాములో అవతలివాళ్లకి తేలాలి. ఇక్కడ అందుకే "ఫిఫ్టీన్, వన్ ఫైవ్" అని అంకెలు విడదీసి మళ్లీ చెప్తాం, అవతలి నర్సు తిరిగి చదివి వినిపించేదాకా ఫోన్ పెట్టం. ఈ పద్ధతి ఆర్‌పీ మాట్లాడేవాళ్లకీ వర్తిస్తుంది, గ్లాస్గో వాళ్లకీ, నాకూ. నేను మారింది ఇలాంటి చోట్లే. నా ర్, నా వ, నా ట తెనాలివే. రోగులకు ఇబ్బంది రాలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి, నీకు తెలిసి ఉండటం మంచిది. ఈ మధ్య "యాక్సెంట్ బయస్ ఇన్ బ్రిటన్" అని జరిగిన పెద్ద పరిశోధనలో కూడా మర్యాద వరస గైల్స్ కాలం నాటిలాగే వచ్చింది. పైన ఆర్‌పీ, కింది వైపు బర్మింగ్‌హామ్, మన ఇండియన్. అదే పరిశోధనలో ఉద్యోగాలిచ్చే లాయర్లకి అభ్యర్థుల జవాబులు వేర్వేరు యాసల్లో వినిపిస్తే, వాళ్లు ఎక్కువగా జవాబు బాగుందా లేదా అన్నదే చూశారు. అంటే పని తెలిసినవాడు ఎదుట కూర్చుంటే విషయం నిన్ను కాపాడుతుంది. వీధిలో, ఫోన్‌లో అంత హామీ లేదు.

ఓరుగల్లు వేణు

ఇంకో సంగతి. ఇప్పుడు మన దగ్గర కాల్ సెంటర్ ఏజెంట్ మాట్లాడుతుంటెనే, అవతలోనికి అమెరికా యాసల వినబడేటట్టు మార్చే ఏఐ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ట్రైనర్ అన్నా, మీరు గూడ విని ఉంటరు. ఇన్నేండ్లు మనోళ్లను మారమన్నరు, ఇప్పుడు మారకున్నా మంచిదే, మీ గొంతు మాకు వినబడకపోతె చాలు అంటున్నరు. నాకైతె ఇది ఎక్కువ అవమానం అనిపిస్తది.

మాదాపూర్ ట్రైనర్

వాడిన పిల్లలతో మాట్లాడాను. ఒక అమ్మాయి, "సార్, తిట్లు తగ్గాయి, ఇంటికెళ్లాక తలనొప్పి లేదు" అంది. ఆ పిల్లకి అది అవమానం అని నేను చెప్పలేను. కానీ నా పని పోతుందన్న దిగులు కంటే ఇంకోటి ఎక్కువగా తొలుస్తోంది. తిట్టిన కస్టమర్ ఇక ఎప్పటికీ మన గొంతుకి అలవాటు పడడు. అలవాటు పడితేనే కదా తిట్లు ఆగేది.

బెజవాడ లెక్చరర్

ట్రైనర్ గారి చివరి మాట నాకు చాలా పనికొచ్చింది. వినేవాళ్ల చెవిని ఎవరూ తయారు చేయడం లేదు. పీటర్ ట్రడ్గిల్ 1970ల్లో వేసిన అంచనా ప్రకారం బ్రిటన్‌లో ఆర్‌పీ మాట్లాడేవాళ్లు 3 శాతం. ఆ 3 శాతం కోసం మన ల్యాబ్‌లో గంటలన్నీ పోస్తున్నాం. నా విద్యార్థిని బర్మింగ్‌హామ్ వెళ్తే వినాల్సింది "బ్యాబ్", లాగోస్ నర్సు ఇంగ్లిష్, కేరళ నర్సు ఇంగ్లిష్. వాటిలో ఒక్కటీ మా క్యాసెట్లలో లేదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. వినే పాఠాల్లో సగం గంటలు రకరకాల యాసలకి ఇవ్వాలి: స్కాట్లండ్, బర్మింగ్‌హామ్, నైజీరియా, సింగపూర్, చదువుకున్న తెలుగువాళ్ల ఇంగ్లిష్. జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో, వేర్వేరు మాతృభాషల వాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేటప్పుడు అర్థం చెడగొట్టేవి ఏవి, చెడగొట్టనివి ఏవి అని వేరు చేసి చూపించింది. మాట్లాడే పరీక్షకి ఆ జాబితాయే ఆధారం కావాలి. వాక్యంలో ముఖ్యమైన మాట మీద బరువు, అచ్చుల పొడవు, హల్లుల గుంపులు మింగేయకపోవడం, వీటికి మార్కులు. కార్‌లో ర్ పలికినందుకు, థ మన థ అయినందుకు ఒక్క మార్కు కూడా తీయకూడదు. జెంకిన్స్ మాటలో బరువుకి అంత విలువ ఇవ్వలేదు, కానీ మాస్టారు, డాక్టర్ గారు చెప్పింది విన్నాక దాన్ని నేను చేరుస్తున్నాను. ఇక ఆర్‌పీ చరిత్ర ఒక యూనిట్‌గా ఉండాలి, నమూనాగా కాదు. ఈటన్, జోన్స్, పికిల్స్, థాచర్ అందరూ అందులో ఉంటారు. గౌరవం ఎలా తయారవుతుందో పిల్లలు చదవాలి.

డాక్టర్ గారూ, మీ ఊరి మాట రికార్డింగులు ఏమైనా పంపగలరా? రోగులవి వద్దు, ఒప్పుకునే సహోద్యోగులవి చాలు.

బర్మింగ్‌హామ్ డాక్టర్

పంపుతాను. మా వార్డు క్లర్క్ ఇక్కడే పుట్టింది, కథలు బాగా చెప్తుంది, అడిగితే సంతోషంగా ఒప్పుకుంటుంది. నైజీరియా, కేరళ నర్సుల్నీ అడుగుతాను.

గుంటూరు మాస్టారు (రిటైర్డ్)

మార్కుల సంగతి ఒప్పుకుంటున్నాను. వినే పాఠాలు ఎప్పుడో పెట్టాల్సింది. కానీ అమ్మా, ధ్వని సంకేతాలు ఎత్తేస్తానంటే మాత్రం మీతో నేను కలవను. మీ ప్రతిపాదనలో అవి ఎక్కడా కనపడలేదు. నిఘంటువులు ఇవాళ్టికీ ఎక్కువ భాగం ఆర్‌పీ నుంచి వచ్చిన దక్షిణ బ్రిటిష్ ఉచ్చారణా, అమెరికన్ ఉచ్చారణా చూపిస్తున్నాయి. ఆ గీత ఎక్కడుందో చదవడం రాని పిల్లకి బరువు ఎక్కడ వెయ్యాలో రేపు ఎవరు చెప్తారు? ఫోన్ చెప్తుందంటారు. ఫోన్‌లో విన్నది మరిచిపోతుంది, చదవడం వస్తే ఎప్పటికీ ఉంటుంది. ఆ యూనిట్ ఉంచండి, దానిపైన ఆర్‌పీ అనే పేరు తీసేసి "నిఘంటువు చదవడం" అని పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు.

బెజవాడ లెక్చరర్

పేరు మారిస్తే సరిపోదు మాస్టారూ. ర్ బ్రాకెట్లో పెట్టి "ఇది ఐచ్ఛికం" అని మొదటి పేజీలోనే రాయాలి. అలా రాస్తే సంకేతాలు ఉంచుతాను.

గుంటూరు మాస్టారు (రిటైర్డ్)

రాయండి. బరువు గీత మాత్రం ఐచ్ఛికం అని రాయొద్దు.